పందొమ్మిది నుంచి ఇరవైకి: ఒక పల్లె ప్రాథమిక పాఠశాల కేస్ స్టడీ

2024 జూన్‌లో ఈ బడి స్ట్రెంత్ 19. 2025 జూన్‌లో 20. మధ్యలో ఏడాది పాటు ఇద్దరు టీచర్లు, ఒక అంగన్‌వాడీ టీచర్, పంచాయతీ కార్యదర్శి, నేను కలిసి చేసిన పనికి కాగితం మీద కనిపించే ఫలితం ఒక్క విద్యార్థి. పైకి వెళ్లిన నివేదికలో దీన్ని ‘5 శాతం వృద్ధి’ అని రాశారు. లెక్క ప్రకారం అది తప్పు కాదు. కానీ ఆ బడిలో నిజంగా జరిగింది ఏమిటో ఆ అంకె చెప్పదు. మారింది చాలా ఉంది, మారనిది కూడా ఉంది. రెండూ ఆ ఒక్క అంకె వెనక దాక్కున్నాయి.

నేను హైస్కూల్ హెడ్‌మాస్టర్‌ని, చుట్టుపక్కల బడులన్నిటినీ కలిపి చూసుకునే కాంప్లెక్స్ హెచ్‌ఎం బాధ్యత కూడా నాదే. మా కాంప్లెక్స్ పరిధిలోని ప్రాథమిక పాఠశాలల్లో ఐదో తరగతి పూర్తి చేసిన పిల్లలు ఆరో తరగతికి ఎక్కువగా మా దగ్గరికే వస్తారు. కాబట్టి అక్కడ చదవడం రానిచోట ఇక్కడ దాని ఫలితం నేను చూస్తాను. ఈ ఊరు ఉమ్మడి మహబూబ్‌నగర్ జిల్లాలోది. పేరు రాయడం లేదు. ఇంత చిన్న బడిలో ‘మూడో తరగతి అబ్బాయి’ అంటే ఎవరో ఊళ్లో అందరికీ తెలిసిపోతుంది.

బడి చరిత్ర అడ్మిషన్ రిజిస్టర్‌లోనే ఉంది. 2000 ప్రాంతంలో వందకు పైగా పిల్లలు ఉండేవారు. ఆ తర్వాత ఏటా కొద్దికొద్దిగా తగ్గుతూ వచ్చారు. కరోనా తర్వాత ఒక్కసారిగా పెరిగి 2021–22లో 31 అయ్యారు. అప్పుడు అందరం సంతోషించాం. మూడేళ్లు తిరగకుండానే 19కి పడిపోయింది. ఇది ఈ ఊరి ప్రత్యేకత కాదు. అసర్ అనే ఇంటింటి విద్యా సర్వే ప్రకారం దేశంలో గ్రామీణ ప్రాంతాల్లో 6–14 ఏళ్ల పిల్లల్లో ప్రభుత్వ బడుల్లో ఉన్నవారు 2018లో 65.6 శాతం. 2022లో అది 72.9 శాతానికి పెరిగింది. 2024కి మళ్లీ 66.8కి వచ్చింది. అంటే కరోనా కాలంలో వచ్చినవాళ్లు మన బోధన నచ్చి వచ్చినవాళ్లు కాదు. ప్రైవేటు బడులు మూతపడి, ఫీజులు కట్టలేక వచ్చారు. చేతిలో డబ్బు ఆడగానే వెళ్లిపోయారు. ఆ 31ని మన విజయంగా, ఈ 19ని మన వైఫల్యంగా చూస్తే రెండుసార్లూ లెక్క తప్పుతుంది.

‘వెనుకబడిన బడి’ అనే ముద్ర

స్ట్రెంత్ కంటే ముందు మండల సమీక్షలో చర్చకు వచ్చింది ఫలితాలు. 2022లో ఐదో తరగతిలో ఐదుగురు ఉన్నారు, ఐదుగురూ కథ గడగడా చదివారు. నూరు శాతం, మండలంలో ముందు వరుస. 2024లో ఐదో తరగతిలో నలుగురు, ఇద్దరే చదవగలిగారు. యాభై శాతం, చివరి వరుస. ఒక బడి రెండేళ్లలో నూరు నుంచి యాభైకి పడిపోయిందంటే సమీక్షలో కూర్చున్నవాళ్లకు కోపం రావడం సహజం. టీచర్‌ను నిలబెట్టి అడిగారు. ఆయన ఏం చెప్పగలడు? రెండేళ్ల క్రితం పొగిడింది కూడా ఆయననే.

నలుగురున్న తరగతిలో ఒక్క పిల్లవాడు అంటే 25 శాతం. ఆ ఒక్కడికి ఆ రోజు జ్వరం వచ్చినా, వాడి తల్లిదండ్రులు వలస వెళ్లి నెల రోజులు బడికి రాకపోయినా బడి ర్యాంకు మొత్తం తిరగబడుతుంది. అరవైమంది ఉన్న తరగతిలో ఇలాంటివాళ్లు అటూ ఇటూ సర్దుకుపోతారు, చిన్న బడిలో సర్దుకోరు. అమెరికాలో నార్త్ కరోలినా రాష్ట్ర బడుల మార్కులను థామస్ కేన్, డగ్లస్ స్టైగర్ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు పరిశీలించి 2002లో ప్రచురించిన పరిశోధనలోనూ ఇదే తేలింది. ర్యాంకుల పట్టికలో పై చివర, కింది చివర రెండు చోట్లా చిన్న బడులే ఎక్కువగా కనిపిస్తాయి. మన మండల పట్టిక తీసి చూసినా అంతే. ఒక ఏడాది సన్మానం పొందిన బడి మరో ఏడాది మెమో అందుకుంటుంది. ఆ రెండిటికీ టీచర్ పనితీరుతో ఉన్న సంబంధం మనం అనుకునేంత పెద్దది కాదు.

అయితే ఈ వాదన పట్టుకుని ‘అంతా అంకెల మాయే’ అని కూర్చుంటే పిల్లలకు ఒరిగేదేమీ లేదు. నలుగురిలో ఇద్దరికి చదవడం రాలేదన్నది నిజమే కదా. శాతం పక్కన పెట్టి పేర్లు రాయమన్నాను. ఎవరికి ఏం వచ్చు, ఏం రాదు, ఎప్పటి నుంచి రాదు. మూడు, నాలుగు, ఐదు తరగతుల్లో కలిపి పదమూడు మంది. 2024 జూలైలో ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి చదివించి చూశాం. ముగ్గురు కథ చదివారు. ముగ్గురు చిన్న పేరా వరకు వచ్చారు. నలుగురు పదాల దగ్గర ఆగారు. ముగ్గురికి అక్షరాలే గట్టిగా రావు.

ఆ చివరి ముగ్గురిలో ఒక అబ్బాయి ‘అ’ నుంచి ‘ఱ’ దాకా పాటలా అప్పజెప్పేస్తాడు. మధ్యలో ‘ఘ’ మీద వేలు పెట్టి ఇదేమిటంటే, ‘క’ నుంచి మొదలుపెట్టి లెక్కపెట్టుకుంటూ వచ్చి చెబుతాడు. వాడికి అక్షరాలు వచ్చని రెండేళ్లుగా రికార్డుల్లో టిక్కు పడుతూనే ఉంది. పదాల దగ్గర ఆగిన నలుగురి సమస్య వేరు. గుణింతాల వరకు బాగానే ఉన్నారు, ఒత్తు వచ్చిన చోటల్లా ఒత్తు వదిలేసి చదువుతున్నారు. ‘అమ్మ’ చూసి చెప్పగలరు, ఎందుకంటే అది గుర్తున్న మాట. ‘రొమ్ము’ అని రాస్తే ‘రొము’ అంటున్నారు. ఈ రెండు రకాల పిల్లలకూ ఒకే పాఠం చెబితే ఎవరికీ ఉపయోగపడదు.

ఊళ్లో పిల్లలు ఎంతమంది?

బడిలో ఎంతమంది ఉన్నారన్నది అందరూ అడుగుతారు. ఊళ్లో బడి ఈడు పిల్లలు మొత్తం ఎంతమంది ఉన్నారన్నది ఎవరూ అడగరు. పిల్లలను బడిలో చేర్పించడానికి ఏటా జరిపే బడిబాటలో సర్వే ఫారాలు నింపుతాం కానీ, అవి ఎక్కువగా ముందు ఏడాది కాగితాలు చూసి నింపినవే.

అంగన్‌వాడీ సర్వే రిజిస్టర్, ఆశా కార్యకర్త దగ్గర ఉన్న టీకాల లిస్టు, పంచాయతీ జనన నమోదు. ఈ మూడూ పక్కపక్కన పెట్టి, తేడా వచ్చిన ఇళ్లకు మాత్రం వెళ్లి చూశాం. మూడేళ్ల నుంచి ఐదో తరగతి ఈడు వరకు నిజంగా ఈ ఊరికి చెందిన పిల్లలు 54 మంది. వాళ్లలో ఒకటి నుంచి ఐదు తరగతుల వయసువాళ్లు 38 మంది. 19 మంది మన బడిలో, 16 మంది ప్రైవేటు బడుల్లో, ముగ్గురు బంధువుల ఇళ్లలో ఉండి చదువుతున్నారు. మిగతా 16 మంది చిన్నవాళ్లు. వాళ్లలో తొమ్మిదిమంది అంగన్‌వాడీలో, ఏడుగురు అప్పటికే ప్రైవేటు నర్సరీ, ఎల్‌కేజీల్లో ఉన్నారు.

ఈ లెక్క చేతికొచ్చాక మాట్లాడాల్సిన విషయమే మారిపోయింది. ఊళ్లో ఏడాదికి పుట్టేది ఏడెనిమిది మంది. ప్రైవేటు వ్యాన్ రేపటి నుంచి రావడం మానేసినా, ప్రతి ఇంటి పిల్లవాడూ మన బడికే వచ్చినా 38 దాటరు. ఊళ్లో పెద్దలు ‘మా రోజుల్లో వందమందిమి’ అంటారు. ఆ వందమంది ఇప్పుడు ఊళ్లో పుట్టడమే లేదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ఐదో విడత ప్రకారం తెలంగాణలో ఒక మహిళకు సగటున పుట్టే పిల్లలు 1.8 కంటే తక్కువే. తగ్గిన స్ట్రెంత్‌లో పెద్ద భాగం కాన్పులు తగ్గడం వల్ల తగ్గిందే. ఈ ముక్క టీచర్లకు చెప్పినప్పుడు వాళ్ల ముఖాల్లో కొంత టెన్షన్ దిగింది. చేతిలో లేని విషయానికి ఏళ్ల తరబడి తిట్లు పడ్డారు పాపం.

చేతిలో ఉన్నది మిగతా భాగం. ప్రైవేటుకు వెళ్తున్న 16 మందిలో మన అడ్మిషన్ రిజిస్టర్‌లో ఎప్పుడైనా పేరున్నవాళ్లు ఐదుగురే. పదకొండు మంది మన బడి గడప తొక్కనేలేదు. వాళ్లను ‘మన బడి వదిలి వెళ్లారు’ అనడం కుదరదు. మూడేళ్లు నిండగానే నర్సరీలో చేరారు, అక్కడి నుంచి ఎల్‌కేజీ, యూకేజీ, ఒకటో తరగతి. ప్రభుత్వ బడి ఐదేళ్లు నిండాక ఒకటో తరగతిలో చేర్చుకోవడానికి తలుపు తీసేసరికి ఆ ఇంటి నిర్ణయం జరిగిపోయి రెండేళ్లయింది. మన బడిబాట జూన్ మొదట్లో డప్పులతో మొదలవుతుంది, ప్రైవేటు బడుల వాళ్లు ఏప్రిల్ ఎండల్లోనే ఇంటింటికీ తిరిగి అడ్వాన్సులు కట్టించుకుని వెళ్లి ఉంటారు. ఫ్లెక్సీలు, ర్యాలీలు, పాంప్లెట్లు వీటన్నిటి కంటే ఈ తేదీల తేడాయే ఎక్కువ నష్టం చేసింది అని నా అభిప్రాయం.

రాష్ట్ర ప్రభుత్వం 2025–26లో ఎంపిక చేసిన కొన్ని ప్రభుత్వ బడుల్లో ప్రీ-ప్రైమరీ మొదలుపెట్టింది. సరైన చోట చెయ్యి వేశారు. ఈ బడి మాత్రం ఆ జాబితాలో లేదు.

తల్లిదండ్రులు చెప్పినవి, చెప్పనివి

ఎందుకు పంపడం లేదని అడిగితే మొదట వచ్చే జవాబు ఇంగ్లిష్. 2022–23 నుంచి తెలంగాణ ప్రభుత్వ బడుల్లో ఒకటి నుంచి ఎనిమిది వరకు ఇంగ్లిష్ మీడియం వచ్చింది. పుస్తకంలో ఒక పేజీ తెలుగు, ఎదురు పేజీ ఇంగ్లిష్. ఈ సంగతి చాలామందికి తెలుసు కూడా. “పేరుకే గద సార్” అన్నాడు ఒక తండ్రి. ఆయన మాట పూర్తిగా కొట్టేయలేం. కానీ ఆయన కొడుకు చదివే ప్రైవేటు బడి పిల్లలు ఆరో తరగతికి మా హైస్కూల్‌కు వచ్చినప్పుడు చూస్తాను కదా, ఇంగ్లిష్ పాఠం చూడకుండా చెబుతారు, కొత్త పేరా ఇస్తే నోరు మెదపరు. టై, బెల్టు, డైరీ, రోజూ హోంవర్క్ ఉంటే చదువు సాగుతోందని ఇంట్లో నమ్మకం. చదువు రాని తల్లికి నోటుబుక్ నిండడం ఒక్కటే కనిపించే రుజువు. దాన్ని వెక్కిరించే హక్కు మనకు లేదు.

రెండో జవాబు వినడానికి కష్టంగా ఉంటుంది, కానీ అదే అసలైనది. ఒక తల్లి సూటిగా అంది: “సారు మీటింగ్‌కు వోతే బడి బందే గద. పిలగాండ్లు దుమ్ముల ఆడుకుంట ఇంటికొస్తరు. ఏం జేయాలె మరి?” విద్యాహక్కు చట్టం ప్రకారం అరవై మంది వరకు పిల్లలున్న ప్రాథమిక బడికి ఇద్దరు టీచర్లుండాలి. ఇక్కడ పోస్టులు రెండే, ఇద్దరూ ఉన్నారు, కాగితం మీద. 2023–24లో చాలా నెలలు ఒకరిని సర్దుబాటు పేరుతో వేరే బడికి పంపారు. మిగిలిన ఒక్క టీచర్ ఐదు తరగతులు చెప్పాలి, మధ్యాహ్న భోజనం లెక్క రాయాలి, యాప్‌లలో వివరాలు ఎక్కించాలి, శిక్షణలకు, సమావేశాలకు వెళ్లాలి. ఆయన మండలానికి వెళ్లిన ప్రతి రోజూ ఊళ్లో ఒకరిద్దరు ప్రైవేటు వ్యాన్ గురించి వాకబు చేశారనుకోవచ్చు. పిల్లలు తక్కువని టీచర్‌ను తీస్తాం, టీచర్ లేడని పిల్లలు తగ్గుతారు, తగ్గారు కాబట్టి టీచర్‌ను తీయడం సరైందే అని ఫైల్లో రాసుకుంటాం.

చెప్పనివి కూడా ఉన్నాయి. ఇద్దరు పిల్లలున్న నాలుగిళ్లలో కొడుకు వ్యాన్‌లో వెళ్తాడు, కూతురు మన బడికి వస్తుంది. అడిగితే ‘ఆడపిల్లకు దగ్గరైతే మంచిది’ అంటారు. ఇంకొకటి కులం. ముందుగా బడి వదిలింది ఎవరు, ఆఖరికి మిగిలింది ఎవరు అని రిజిస్టర్‌లో చూస్తే కథ అర్థమవుతుంది. పొలం, ట్రాక్టర్ ఉన్న ఇళ్లు మొదట వెళ్లాయి. ఇప్పుడున్నవాళ్లలో ఎక్కువమంది కూలి చేసుకునే దళిత, బీసీ కుటుంబాల పిల్లలు. ‘అందరూ అక్కడికే పోతున్నరు, మావోడికి తోడు లేడు’ అనే మాటలో ఈ సంగతి కొంత దాగి ఉంటుంది. పైకి ఎవరూ అనరు, అనకపోయినా నివేదికలో రాయాలి.

ఏం చేశాం

అన్నిటికంటే ముందు ఇద్దరు టీచర్లూ బడిలో ఉండాలి. సర్దుబాటు రద్దు చేయించడానికి చట్టంలోని నిబంధన, పిల్లల పేర్లతో సహా చదువు స్థాయి, తల్లిదండ్రుల సంతకాలు జతచేసి మండల విద్యాధికారి (ఎంఈఓ) ద్వారా పైకి పంపాం. ఊరికే ‘టీచర్ కావాలి’ అని రాసిన అర్జీలు అంతకు ముందు రెండు వెళ్లాయి, కదల్లేదు. పేర్లతో ఉన్న కాగితాన్ని పక్కన పెట్టడం కష్టం. దసరా సెలవుల తర్వాత రెండో టీచరమ్మ తిరిగి వచ్చారు. ఇద్దరిలో ఒకరు మీటింగ్‌కు వెళ్తే రెండోవారు సెలవు పెట్టకూడదని వాళ్లలో వాళ్లే ఒప్పందం చేసుకున్నారు. వాళ్లకూ ఇళ్లున్నాయి, జబ్బులొస్తాయి. అయినా ఆ ఏడాది దాదాపు నిలబెట్టుకున్నారు. ఈ కేసులో ఇంకే పని జరగకపోయినా ఈ ఒక్కటి జరిగితే చాలనుకునేవాణ్ని.

తర్వాత చదివించడం. రోజూ మొదటి గంట మూడు, నాలుగు, ఐదు తరగతుల పిల్లలను తరగతి చూడకుండా స్థాయిని బట్టి కూర్చోబెట్టాం. ప్రథమ్ సంస్థ చాలాకాలంగా వాడుతున్న పద్ధతే ఇది, చదవడం, రాయడం, లెక్కల పునాది కోసం రాష్ట్రంలో 2022లో మొదలైన తొలిమెట్టు కార్యక్రమంలోనూ దీని ఛాయ ఉంది. కొత్తగా కనిపెట్టిందేమీ లేదు. కష్టం మొత్తం అమలులోనే. ఐదో తరగతి అమ్మాయి మూడో తరగతి వాళ్ల పక్కన కూర్చోవడానికి సిగ్గుపడింది. టీచరమ్మ ఆ అమ్మాయికి పదాల అట్టలు పట్టుకునే పని అప్పగించి, చిన్నవాళ్ల చేత చదివించమన్నారు. చదివించాలంటే తాను ముందే చూసుకోవాలి కదా. ఒత్తులు ఆ పనిలోనే పట్టుబడ్డాయి.

అక్షరాల దగ్గరున్న ముగ్గురికి వర్ణమాల వరస పూర్తిగా ఆపేశాం. వాళ్ల పేర్లు, ఇంట్లోవాళ్ల పేర్లు, ఊరి పేరు. వీటిలోని అక్షరాలే మొదటి పదిహేను రోజులు. వరస ఆసరా లేకుండా అక్షరం గుర్తుపట్టడం అప్పుడే మొదలైంది.

దీని మీద ఒక వివాదం నడిచింది. తనిఖీకి వచ్చిన ఒక అధికారి ‘మీది ఇంగ్లిష్ మీడియం కదా, మొదటి గంట తెలుగు ఏమిటి’ అన్నారు. ప్రశ్న న్యాయమైనదే. ఇంట్లో మాట్లాడే భాషలోనే అచ్చు చూసి అర్థం లాగడం రాని పిల్లవాడు ఎదురు పేజీలోని ఇంగ్లిష్‌ను బొమ్మలా చూస్తాడు, అంతే. పేరా చదవగలిగిన వాళ్లకు ఇంగ్లిష్ వాక్యాలు మధ్యాహ్నం గంటలో వేగంగా వచ్చాయని తర్వాతి తనిఖీలో చూపించాం. ఆయన రిజిస్టర్‌లో ఏమీ రాయలేదు, వద్దనీ అనలేదు. లెక్కల్లో ఇంత పని చేయలేకపోయాం. అప్పు తెచ్చుకునే తీసివేతల దగ్గర సగంమంది ఇప్పటికీ తడబడుతున్నారు.

మూడోది అంగన్‌వాడీ. అది బడికి కొంచెం దూరంలో అద్దె గదిలో ఉండేది. బడిలో ఖాళీగా ఉన్న గదిని శుభ్రం చేయించి అక్కడికి మార్చాం. ఇది చెప్పినంత తేలిగ్గా జరగలేదు. అంగన్‌వాడీ ఒక శాఖ, బడి మరో శాఖ. గది ఇవ్వడానికి ఒకరి అనుమతి, మారడానికి మరొకరి అనుమతి. కరెంటు, తాగునీటి చిన్న పనులు అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీ చూసింది. 2024లో మహిళా సంఘాలతో ఏర్పడిన ఈ కమిటీల మీద మరమ్మతుల గురించే అందరూ మాట్లాడతారు. నాకు కనిపించిన లాభం వేరు. కమిటీలో ఉన్న ఆడవాళ్లకు ఏ ఇంట్లో ఏ పిల్ల ఎన్నేళ్లది, ఎవరు వ్యాన్ ఫీజు బాకీ ఉన్నారు, ఎవరింట్లో అత్త మాట చెల్లుతుంది అన్నీ తెలుసు. సర్పంచుల పదవీకాలం ముగిసి ప్రత్యేకాధికారులున్న ఆ సమయంలో ఊరి తరఫున మాట్లాడింది వాళ్లే.

తల్లిదండ్రుల సమావేశం తీరు కూడా మార్చాం. ఉపన్యాసాలు తీసేశాం. ప్రతి తల్లీ తన పిల్లతో పది నిమిషాలు కూర్చుంటుంది, పిల్ల ఆ రోజే ఇచ్చిన కొత్త కాగితం చదువుతుంది. రానివాళ్లు రానట్టే తెలుస్తుంది. టీచర్లు మొదట భయపడ్డారు, ‘చదవలేని పిల్లల తల్లులు టీసీ అడుగుతారేమో సార్’ అని. ఒక్కరూ అడగలేదు. ఒకామె మాత్రం, “రాదని మీరే చెప్పిన్రు, ఇంతవరకు ఎవరు చెప్పలె” అని వెళ్లిపోయింది. అది మెప్పో దెప్పో నాకిప్పటికీ తెలీదు, కానీ ఆ పిల్ల హాజరు ఆ తర్వాత బాగుపడింది.

ఇక రికార్డుల పని. బడుల, పిల్లల వివరాలు ఎక్కించే దేశవ్యాప్త ఆన్‌లైన్ రికార్డు యూడైస్‌లో మన బడి నుంచి వెళ్లిన పిల్లలను కొత్త బడివాళ్లు తమ ఖాతాలోకి తీసుకోకపోతే ఆ పేర్లు ఏ బడికీ చెందకుండా ‘డ్రాప్ బాక్స్’లో పడి ఉంటాయి. వెతికి సరిచేయించాం. విసుగు పుట్టించే పని. అది చేయకపోతే చదువుకుంటున్న పిల్ల కూడా డ్రాపౌట్ కింద లెక్కపడుతుంది.

ఏడాది చివర

2025 మార్చిలో అదే పదమూడు మందిని మళ్లీ చదివించాం. కథ చదివేవాళ్లు ముగ్గురు ఉండేవారు, ఏడుగురయ్యారు. పేరా దగ్గర ముగ్గురు, పదాల దగ్గర ఇద్దరు. అక్షరాల దగ్గర ఇంకా ఒకడున్నాడు, ‘ఘ’ను లెక్కపెట్టుకుని చెప్పిన అబ్బాయే. వాడు నవంబర్ నుంచి తల్లిదండ్రులతో ఇటుక బట్టీల దగ్గరికి వెళ్లిపోయాడు. పాలమూరు పల్లెల్లో ఇది కొత్త కాదు. ముసలమ్మ దగ్గర వదిలి వెళ్లమని అడిగాం, ముసలమ్మకే చూసేవాళ్లు లేరన్నారు. వలస వెళ్లేవాళ్ల పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకోవడానికి సీజనల్ హాస్టల్ అనే మాట ఫైళ్లలో ఉంది, ఆ అబ్బాయికి మాత్రం చేరువలో దొరకలేదు.

ఇప్పుడు ఆ పందొమ్మిది, ఇరవై లెక్క. ఐదో తరగతి పూర్తయి నలుగురు వెళ్లారు, అది మామూలే. ఒక కుటుంబం ఊరు వదిలింది, ఒక విద్యార్థి తగ్గాడు. నాలుగో తరగతిలో ఆరుగురుంటే ఇద్దరికి ఫిబ్రవరిలో రాసిన ప్రవేశ పరీక్షతో గురుకులంలో ఐదో తరగతి సీటు వచ్చింది. ఒకటో తరగతిలో కొత్తగా ఐదుగురు చేరారు. ప్రైవేటు నుంచి ముగ్గురు వచ్చారు. మొత్తం ఇరవై.

గురుకులం సీట్ల గురించి ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి. ఆ ఇద్దరూ బడిలో బాగా చదివేవాళ్లు. బడి కష్టపడి తయారుచేసింది కాబట్టే సీటు వచ్చింది. కానీ పట్టికలో అది ‘స్ట్రెంత్ రెండు తగ్గింది’ అని పడుతుంది. ఆ ఇద్దరూ లేని ఐదో తరగతిని వచ్చే పరీక్షలో కొలుస్తారు, అప్పుడు శాతం కూడా తగ్గుతుంది. అంటే మంచి పని చేసినందుకు బడికి రెండుసార్లు కోత. ఎస్సీ, ఎస్టీ, బీసీ, జనరల్ గురుకులాలు, ఆరో తరగతి నుంచి కస్తూర్బా, మోడల్ స్కూళ్లు, నవోదయ. ఇవన్నీ ప్రభుత్వ బడులే, మంచివే. పల్లె బడి నుంచి ముందువరుస పిల్లలను ఏటా తీసుకుంటాయి. మిగిలినవాళ్ల మార్కులు చూసి పల్లె బడి పనికిరాదని తీర్పు చెప్పడం మాత్రం అన్యాయం. మా కాంప్లెక్స్ నివేదికలో ‘ప్రవేశ పరీక్ష ద్వారా వెళ్లినవారు’ అని వేరే గడి పెట్టాను. పైవాళ్ల ఫార్మాట్‌లో ఆ గడి లేదు, అయినా పంపుతున్నాను.

ప్రైవేటు నుంచి వచ్చిన ముగ్గురి విషయంలో మన ప్రచారానికి పెద్దగా పేరు ఇవ్వలేను. ఒకరికి ఫీజు బాకీ. టీసీ ఇవ్వబోమని ఆ బడివాళ్లు పట్టుబట్టారు. టీసీ ఆలస్యమైందని ప్రవేశం ఆపకూడదని విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ చెబుతోంది కాబట్టి చేర్చుకున్నాం. ఒకరి తల్లికి ఆరోగ్యం బాగాలేక వ్యాన్ వేళకు తయారుచేసేవాళ్లు లేరు. మూడో అమ్మాయి తండ్రి మాత్రం గురుకులం సీట్లు వచ్చాయని విని తీసుకొచ్చాడు, “మా పోరిని గూడ గట్ల రాపియ్యాలె సార్” అని షరతు పెట్టి మరీ. పట్టికలో నష్టంగా పడ్డ ఆ రెండు సీట్లే ఊళ్లో మనకు మంచి పేరు తెచ్చాయి.

నా దృష్టిలో అసలు లెక్క ఒకటో తరగతిది. 2024లో ఆ ఈడు పిల్లలు ఊళ్లో ఎనిమిది మంది ఉంటే ఇద్దరు వచ్చారు. 2025లో ఎనిమిది మందిలో ఐదుగురు వచ్చారు. ఈ ఐదుగురూ బడి ఆవరణలోకి మారిన అంగన్‌వాడీ నుంచి వచ్చినవాళ్లే. చేరడానికి ముందే బడి గంట, టీచరమ్మ, భోజనం వరస అన్నీ వాళ్లకు అలవాటు. ఫిబ్రవరిలోనే తల్లులతో మాట్లాడి పేర్లు రాసుకున్నాం, ఏప్రిల్‌లో ప్రైవేటువాళ్లు వచ్చేసరికి ఐదిళ్లలో జవాబు సిద్ధంగా ఉంది. మిగతా ముగ్గురు మూడేళ్లప్పుడే వ్యాన్ ఎక్కినవాళ్లు, వాళ్ల దగ్గర మా మాట చెల్లలేదు.

బడిని పక్క ఊరి బడిలో కలిపేస్తే ఖర్చు తగ్గదా అని ఒక సమావేశంలో ప్రశ్న వచ్చింది. తగ్గుతుంది. ఇరవై మందికి ఇద్దరు టీచర్లంటే ఒక్కో విద్యార్థి మీద జీతాల ఖర్చు ఎక్కువే. కానీ కలిపితే ఈ ఇరవై మందీ పక్క ఊరికి నడిచి వెళ్తారని ఎవరూ అనుకోవద్దు. వ్యాన్ స్తోమత ఉన్నవాళ్లు వ్యాన్ ఎక్కుతారు, లేనివాళ్లలో ముందుగా ఆడపిల్లల చదువుకు గండి పడుతుంది. ఒకటో తరగతికి ఏటా నలుగురైదుగురు వస్తున్నంతకాలం ఈ బడిని కదపకూడదని నా సిఫారసు, దాన్ని రాతపూర్వకంగానే ఇచ్చాను. ఆ సంఖ్య వరసగా రెండేళ్లు ఒకటి రెండుకు పడిపోతే అప్పుడు మాట్లాడొచ్చు.

ఇద్దరు టీచర్లలో ఒకరికి వచ్చే బదిలీల్లో స్థానం మారే అవకాశం ఉంది. స్థాయివారీ గంట, అంగన్‌వాడీ, ఫిబ్రవరి జాబితా ఇవన్నీ ప్రస్తుతం ఇద్దరు మనుషుల అలవాటు మీద నడుస్తున్నాయి. అందుకే పిల్లల పేర్లు, స్థాయిలు, ఇళ్ల వివరాలు ఉన్న నోటుబుక్‌ను బడి రికార్డుగా స్టాక్ రిజిస్టర్‌లో ఎక్కించాం. కొత్తగా వచ్చేవాళ్లు తెరిచి చూస్తే చాలు. 2026 జూన్‌కు ఒకటో తరగతి ఈడు వచ్చే పిల్లలు ఏడుగురు. నలుగురు అంగన్‌వాడీలో ఉన్నారు, ముగ్గురు వ్యాన్‌లో వెళ్తున్నారు. ఆ ముగ్గురిలో ఒకరి అక్క మన మూడో తరగతిలో చదువుతోంది. ఫిబ్రవరిలో ముందుగా వెళ్లాల్సింది ఆ ఇంటికే.